వ్యాజ్యానికి ముందే సన్నద్ధత: సంస్థల న్యాయవిభాగాలు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాలు, తెలుగు పత్రాలు

వ్యాససంగ్రహం:
వాణిజ్య వివాదాలలో ఈ-మెయిళ్లు, ఫోన్ సందేశాలు నేడు ప్రధాన సాక్ష్యాలవుతున్నాయి. వాటిని కాపాడి, వెతికి, న్యాయస్థానానికి సమర్పించేందుకు సంస్థల న్యాయవిభాగాలు ముందుగా ఎలా సిద్ధం కావాలో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులో ఉన్న పత్రాల విషయంలో ఈ సన్నద్ధత భాషాజ్ఞానంపై ఆధారపడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎలక్ట్రానిక్ డిస్కవరీ, పరిరక్షణ ఆదేశం, హాష్ విలువ, సంధి, విభక్తి, లిప్యంతరం.

1. ఉపోద్ఘాతం:
ఒకప్పుడు వ్యాజ్యానికి సిద్ధం కావడమంటే బీరువాలోని దస్త్రాలు తీసి న్యాయవాదికి అందించడమే. ఇప్పుడు ఒప్పందం కాగితం మీదే ఉన్నా, దాని వెనుక జరిగిన సంప్రదింపులన్నీ కంప్యూటర్లలోను, ఉద్యోగుల ఫోన్లలోను ఉంటున్నాయి. వీటిని గుర్తించి, చెరిగిపోకుండా కాపాడి, అవసరమైనవి వెతికి, ఎదుటిపక్షానికి వెల్లడించే ప్రక్రియే ఎలక్ట్రానిక్ డిస్కవరీ. ఇది న్యాయశాస్త్ర విషయం కదా, తెలుగు పరిశోధకులకు దీనితో పనేమిటన్న సందేహం కలగవచ్చు. వెతికే దశకు వచ్చేసరికి ఇది నేరుగా మన విషయమే అవుతుంది.

2. పరిరక్షణ బాధ్యత - జుబులేక్ తీర్పులు:
ఈ రంగంలో తరచుగా ఉదాహరించేది న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానంలో నడిచిన ‘జుబులేక్ వర్సెస్ యూబీఎస్ వార్‌బర్గ్’ వ్యాజ్యం. లింగవివక్షపై ఒక ఉద్యోగిని వేసిన ఈ దావాలో న్యాయమూర్తి షిరా షైండ్లిన్ 2003, 2004 సంవత్సరాలలో వరుసగా తీర్పులిచ్చారు. ఉద్యోగిని అధికారికంగా ఫిర్యాదు చేసింది 2001 ఆగస్టులో. అయితే అదే ఏడాది ఏప్రిల్ నాటికే సంబంధిత అధికారులు వ్యాజ్యం రాగలదని ఊహించారని, పరిరక్షణ బాధ్యత అప్పుడే మొదలైందని న్యాయమూర్తి నిర్ణయించారు. ఆమె గురించి రాసుకున్న కొన్ని ఈ-మెయిళ్లకు, న్యాయవాది ఎవరికీ పంపకపోయినా, న్యాయవాద గోప్యత ఉన్నట్లు శీర్షిక పెట్టుకోవడం ఇందుకు ఒక ఆధారమైంది. దాచుకోవడానికి పెట్టిన పేరే వారిని పట్టించింది.

ఏదీ చెరపవద్దని న్యాయవాదులు చెప్పినా కొందరు ఉద్యోగులు ఈ-మెయిళ్లు తొలగించారు. ఆదేశం జారీచేసినంత మాత్రాన న్యాయవాది బాధ్యత తీరదని, కీలక వ్యక్తులతో స్వయంగా మాట్లాడాలని, అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉండాలని 2004 తీర్పు పేర్కొంది. పోయిన సమాచారం సంస్థకు ప్రతికూలమైనదని భావించవచ్చని జ్యూరీకి సూచించారు. 2005లో జ్యూరీ సుమారు 2.9 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. తరువాత 2015లో సవరించిన అమెరికా నియమాల ప్రకారం, ఎదుటిపక్షానికి దక్కకుండా చేయాలనే ఉద్దేశం ఉన్నప్పుడే ఇలాంటి ప్రతికూల భావన వర్తిస్తుంది.

3. భారతీయ చట్టాలు:
మన దేశంలో ఒత్తిడి ప్రధానంగా గడువు రూపంలో వస్తుంది. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం ప్రకారం వాది దావాతోపాటు, ప్రతివాది జవాబుతోపాటు తమ అధీనంలోని సంబంధిత పత్రాలన్నింటినీ ప్రమాణపూర్వకంగా వెల్లడించాలి. ప్రతివాదికి గడువు 30 రోజులు. న్యాయస్థానం అనుమతించినా 120 రోజులు దాటకూడదు. సమన్లు అందాక వెతుకులాట మొదలుపెట్టే సంస్థకు ఈ వ్యవధి చాలదు.

ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సమర్పించేటప్పుడు ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో స్థిరపరచింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఈ ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి. మొదటిది పక్షం, రెండవది నిపుణుడు పూరించాలి. రెండింటిలోను హాష్ విలువ పేర్కొనాలి. హాష్ విలువ అంటే ఫైలులోని సమాచారం నుంచి గణించే గుర్తు. ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మారిపోతుంది. లేఖకుడు ఒక అక్షరం మార్చి రాస్తే ఏ తాళపత్రమూ మనకు ఇలా చెప్పలేదు; పాఠపరిష్కర్తలు ఎన్ని ప్రతులను సరిపోల్చవలసి వచ్చిందో తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది.

4. తెలుగు పత్రాల అన్వేషణ:
లక్షల సందేశాలలో కావలసినవి ఏరడానికి ముందుగా కీలకపదాల జాబితా తయారుచేస్తారు. ఇంగ్లీషుకు పనికివచ్చే ఈ పద్ధతిని యథాతథంగా తెలుగుకు వర్తింపజేస్తే సాక్ష్యం చేజారుతుంది. ‘ఒప్పందం’ అని వెతికితే ‘ఒప్పందానికి’, ‘ఒప్పందాలు’ దొరకవు. కొన్ని ప్రత్యయాలు చేరినప్పుడు చివరి అనుస్వారం పోతుంది కనుక ‘ఒప్పంద’ అనే భాగంతో వెతకాలి. ‘డబ్బు’ అని వెతికినవారికి ‘డబ్బిచ్చాం’ దొరకదు. ఉకారసంధిలో ఆ ఉకారం లోపించింది. తెలంగాణ ఉద్యోగి ‘పైసలు’ అని రాసి ఉంటే ఈ జాబితా మొత్తమే నిరర్థకం.

లిపి మరొక చిక్కు. ఫోన్లలో చాలామంది తెలుగును రోమన్ లిపిలో రాస్తారు. ‘వాయిదా’ అనే మాటను ఒకే వ్యక్తి ఒకేరోజు మూడు వర్ణక్రమాలలో రాయవచ్చు. పాత నోటీసులు, ఉత్తరాలు అను ఫాంట్లలో ఉంటే తెరపై తెలుగు కనిపించినా కంప్యూటరుకు అందులో ఉన్నది తెలుగు కాదు. యూనికోడ్‌లోకి మార్చనిదే వెతకలేము. మార్చిన ప్రతికి హాష్ విలువ వేరవుతుంది కనుక మూలప్రతిని ముట్టుకోకుండా నకలుపైనే ఈ పని చేయాలి.

కాబట్టి న్యాయవిభాగం ఏ సమాచారం ఎవరి వద్ద, ఏ పరికరంలో, ఏ లిపిలో ఉందో పట్టిక రాసుకోవాలి. సందేశాలు తమంతట తామే చెరిగిపోయే అమరికను వివాదం పొడసూపగానే ఆపించాలి. పరిరక్షణ ఆదేశాన్ని తెలుగులోను ఇవ్వాలి. ఇంగ్లీషు సర్క్యులర్‌ను గోదాము గుమాస్తా చదవకుండానే సంతకం పెట్టిన సందర్భాన్ని ఊహించడం కష్టం కాదు.

5. అనువాద దశ:
దొరికిన సందేశాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. బాకీ అడిగినప్పుడు ‘నెలాఖరుకు సర్దుతాం లెండి’ అని బదులు వచ్చిందనుకుందాం. ‘సర్దడం’ ఇక్కడ చెల్లించడమే. నిఘంటువులోని మొదటి అర్థాన్నిబట్టి అమర్చడమని అనువదిస్తే బాకీని అంగీకరించిన విషయం మాయమవుతుంది. 1963 కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు ముగియకముందు సంతకంతో లిఖితపూర్వకంగా బాధ్యతను అంగీకరిస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. ఫోన్ సందేశంలో సంతకం ఉన్నట్లా కాదా అన్నది న్యాయవాదులు వాదించుకునే అంశం. అయితే అందులో అంగీకారం ఉందని ముందుగా ఎవరో ఒకరు గుర్తించాలి. ‘చూద్దాం లెండి’ అన్న జవాబు సంగతి వేరు. అది చాలాసార్లు మర్యాదగా చెప్పిన నిరాకరణ. దానిని పరిశీలిస్తామన్న హామీగా అనువదిస్తే ఇవ్వని మాటను ఇచ్చినట్లవుతుంది.