మడత సైకిల్: ఏవి మార్చాలి, వేటి జోలికి పోకూడదు

మడత సైకిల్ కొనేవాళ్ళు దుకాణంలో మొదట అడిగేది బరువెంత అని. మంచి ప్రశ్నే. కానీ ఆ బరువు మన మీద ఎక్కడ పడుతుందో ముందే లెక్క వేసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. 65 కిలోల మనిషి 14 కిలోల సైకిల్ తొక్కుతుంటే కాళ్ళు లాగేది మొత్తం 79 కిలోలు. సైకిల్‌లో 2 కిలోలు తగ్గించారనుకుందాం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తగ్గే శ్రమ నూటికి రెండున్నర పాళ్ళు. చదునుగా ఉన్న రోడ్డు మీద ఆ తేడా దాదాపు తెలియదు. అదే సైకిల్‌ని మడిచి స్టేషన్ మెట్లెక్కితే 14 కిలోలకూ 12 కిలోలకూ ఉన్న తేడా నూటికి పద్నాలుగు పాళ్ళు. అది భుజానికి తెలిసిపోతుంది. తేలిక సైకిల్ వల్ల ప్రయోజనం తొక్కడంలో కన్నా మోయడంలోనే ఎక్కువ. ఇంట్లో లిఫ్టు ఉండి, సైకిల్‌ని చేత్తో ఎత్తే అవసరం ఎప్పుడో గానీ రానివాళ్ళు తేలిక కోసం వేలకు వేలు పెట్టనక్కర్లేదు.

అందుబాటు ధరలో దొరికే మడత సైకిళ్ళు చాలావరకు ఒకే నమూనా. 20 అంగుళాల చక్రాలు, ఫ్రేము నడుమ ఒక మడతబందు, హ్యాండిల్ కాడ అడుగున మరొకటి, పొడుగాటి సీట్ పిల్లర్. ఈ నమూనాని ప్రపంచమంతా వ్యాపింపజేసినవాళ్ళలో ముఖ్యుడు డేవిడ్ హాన్. అమెరికాలో లేజర్ల మీద పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. 1970లలో చమురు సంక్షోభం వచ్చి పెట్రోల్ బంకుల ముందు బారులు తీరిన రోజుల్లో ఆయన మనసు మడత సైకిల్ మీదికి మళ్ళింది. 1982లో డాహాన్ కంపెనీ పెట్టాడు. తరవాత తైవాన్‌లో, చైనాలో ఎన్నో ఫ్యాక్టరీలు దాదాపు అదే పద్ధతిలో సైకిళ్ళు చెయ్యడం మొదలుపెట్టాయి. మనకి దీనివల్ల ఒక మేలు జరిగింది. ఒక పేరుతో అమ్మే సైకిల్ భాగం ఇంకో పేరుతో అమ్మేదానికి చాలాసార్లు సరిపోతుంది. లండన్‌లో ఆండ్రూ రిచీ రూపొందించిన బ్రాంప్టన్ మడతలో దీనికన్నా చిన్నది, పొందికైనది. కానీ దాని ధర లక్ష దాటుతుంది, దానిలో చాలా భాగాలు దానికే ప్రత్యేకం. ఉన్నదాన్ని కొద్దికొద్దిగా మెరుగుపరుచుకోవాలనుకునే మధ్యతరగతి మనిషికి 20 అంగుళాల సైకిలే తగినది.

బరువు ఎంతుంటుందో కూడా తెలిసి ఉండాలి. ఉక్కు ఫ్రేముతో వచ్చేవి 14 నుంచి 16 కిలోలు తూగుతాయి. అల్యూమినియం ఫ్రేమైతే 11 నుంచి 13. పది కిలోల లోపు కావాలంటే ఒక్కో కిలోకీ పెట్టే డబ్బు బాగా పెరిగిపోతుంది. ఇంటికి తెచ్చుకున్నాక స్నానాల గదిలో ఉండే తూకం మీద సైకిల్ పట్టుకుని ఒకసారి, ఉత్త చేతులతో ఒకసారి నిలబడండి. ఆ తేడాయే అసలు బరువు. ప్రకటనల్లో రాసే బరువు కొన్నిసార్లు పెడళ్ళూ స్టాండూ లేకుండా తూచింది.

ఇక మార్పుల సంగతి. నేను పాటించే పద్ధతి ఇది. రోడ్డుని తాకే భాగాలు, మన ఒంటిని తాకే భాగాలు ధైర్యంగా మార్చుకోవచ్చు. మన బరువుని మోసే భాగాల విషయంలో మాత్రం తయారీదారు ఇచ్చినదానికి కట్టుబడి ఉండాలి.

రోడ్డుని తాకేవంటే ముందుగా టైర్లు. చవక మడత సైకిల్ బరువుగా, మొండిగా అనిపిస్తే అసలు కారణం చాలాసార్లు ఫ్రేము కాదు, దానికి వేసిన మందపాటి గట్టి టైర్లు. చిన్న చక్రం కాబట్టే సైకిల్ నెమ్మదిగా పోతుందని చాలామంది నమ్ముతారు. 1962లో ఇంగ్లండ్‌లో అలెక్స్ మౌల్టన్ చిన్న చక్రాలకి సన్నని టైర్లు వేసి, గాలి బాగా దట్టించి, స్ప్రింగులు అమర్చి ఒక సైకిల్ తెచ్చాడు. అదే ఏడాది డిసెంబరులో జాన్ వుడ్‌బర్న్ దానిమీద కార్డిఫ్ నుంచి లండన్‌కి తొక్కి ఆ దారిలో అప్పటిదాకా ఉన్న రికార్డు బద్దలు కొట్టాడు. మంచి టైరు ఉంటే చిన్న చక్రం వెనకబడదు.

టైరు కొనేటప్పుడు '20 అంగుళాలు' అన్న మాట నమ్ముకోకండి. ఆ పేరుతో రెండు వేర్వేరు కొలతలు అమ్ముతారు. టైరు పక్కన 40-406 లాంటి అంకె అచ్చు వేసి ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునేచోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మడత సైకిళ్ళలో ఎక్కువగా కనిపించేది 406. కొన్నిటికి 451 ఉంటుంది. ఒకదాని టైరు రెండోదానికి ఎక్కదు. 406 వల్ల మనకి పెద్ద సౌకర్యం ఉంది. పిల్లల సైకిళ్ళకి వేసే 20x1.75 టైర్లూ ట్యూబులూ ఈ కొలతవే, కాబట్టి మండల కేంద్రంలోని సైకిల్ షాపులో కూడా అత్యవసరానికి దొరుకుతాయి. వెడల్పు విషయంలో మన రోడ్లని మనసులో పెట్టుకోవాలి. చిన్న చక్రం పెద్దదానికన్నా గుంతలో లోతుగా దిగుతుంది. అందుకని మరీ సన్నవి కాకుండా ఒకటిన్నర అంగుళాల వెడల్పున్నవి, మెత్తని పక్కలతో తేలిగ్గా ఉండేవి ఎంచుకుంటే వేగం, సుఖం రెండూ వస్తాయి. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. ఆ గరిష్ఠం దాటకండి, మెత్తబడేదాకా వదిలెయ్యకండి. ట్యూబు వాల్వు మోటార్ సైకిల్‌కి ఉండే రకానిదైతే పెట్రోల్ బంకులోనూ పంక్చర్ షాపులోనూ గాలి దొరుకుతుంది. సన్నటి వాల్వు ఉన్న ట్యూబుకి చిన్న తొడుగు ఒకటి జేబులో ఉంచుకోవాలి.

టైర్ల తరవాత బ్రేకు కట్టలు. రిమ్ము మీద నొక్కే బ్రేకు మామూలు కట్టలతో వస్తే, మెత్తటి రబ్బరున్న మంచి కట్టలు కొని వేయించండి. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. వానలో మరీ బాగా తెలుస్తుంది. ఊళ్ళో తిరగడానికి డిస్క్ బ్రేకులు కావాలని సైకిల్‌నే మార్చెయ్యాల్సిన పని లేదు.

ఒంటిని తాకేవి మూడు: సీటు, హ్యాండిల్ పట్లు, పెడళ్ళు. చవక సైకిల్‌కి వచ్చే స్ప్రింగుల సీటు కూర్చోగానే మెత్తగా ఉంటుంది, అరగంట తరవాత నొప్పి పెడుతుంది. నడుము కింది ఎముకలకి ఆనేంత వెడల్పున్న, కొంచెం గట్టి సీటు దూరానికి మేలు. బరువూ తగ్గుతుంది. పెడళ్ళు మార్చేటప్పుడు ఒకటి మర్చిపోకూడదు. కుడి పెడల్ మామూలు మరే. ఎడమది మాత్రం తిరగేసిన మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తెలియక పానాతో బలమంతా పెట్టి రెండో వైపు బిగించేస్తే క్రాంకు మర చెడిపోతుంది. మడిచే పెడళ్ళు చోటు ఆదా చేస్తాయి గానీ వాటిలో చవకవి కొన్నాళ్ళకే లొడలొడలాడతాయి. సైకిల్‌ని రోజూ బస్సులోనో రైల్లోనో పెట్టేవాళ్ళు కాకపోతే మామూలు పెడళ్ళే నయం.

గేర్ల మీద చాలామంది అనవసరంగా డబ్బు పోస్తారు. కొంచెం లెక్క చూద్దాం. 40-406 టైరున్న చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 1.53 మీటర్లు ముందుకి పోతుంది. ముందు చైన్ వీల్‌కి 52 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌లో చిన్నదానికి 14, పెద్దదానికి 28 పళ్ళు ఉన్నాయనుకుందాం. అన్నిటికన్నా బరువైన గేరులో పెడల్ ఒక చుట్టుకి 5.7 మీటర్లు, తేలిక గేరులో 2.8 మీటర్లు వస్తాయి. నిమిషానికి 70 చుట్లు తొక్కితే బరువైన గేరులో గంటకి 24 కిలోమీటర్ల దాకా పోతారు. ట్రాఫిక్‌లో అంతకన్నా వేగం ఎందుకు? దానికోసం 11 పళ్ళ చిన్న చక్రం కావాలంటే చాలా సైకిళ్ళలో వెనక హబ్బే వేరే రకానిది కావాలి, అంటే చక్రమంతా మార్చాలి. విశాఖలోలాగా ఎత్తుపల్లాలున్న ఊళ్ళో ఉండేవాళ్ళకి అసలు కావలసింది దీనికి వ్యతిరేకం. 52కి బదులు 44 పళ్ళ చైన్ వీల్ వేయిస్తే తేలిక గేరు 2.4 మీటర్లకి దిగి మెట్ట ఎక్కడం సులువవుతుంది. చైన్ కొంచెం కురచ చెయ్యాలి. చవక సైకిళ్ళలో చైన్ వీల్ క్రాంకుకి రివెట్లతో బిగించి ఉంటుంది, రెండూ కలిపి మార్చాల్సి వస్తుంది.

చక్రాలే మార్చాలనుకుంటే కొనే ముందు ఫోర్కు కాళ్ళ మధ్య వెడల్పు స్కేలు పెట్టి కొలవండి. మామూలు సైకిల్ ముందు హబ్బు 100 మిల్లీమీటర్లు. డాహాన్ తరహా సైకిళ్ళలో చాలావాటికి 74 మాత్రమే. పొరపాటున 100ది తెస్తే అది కూర్చోదు. ఫోర్కుని విడదీసి పెట్టించుకోవడం ప్రమాదం.

బరువు తగ్గించాలంటే కొత్తవి కొనకముందు ఉన్నవాటిలో అక్కర్లేనివి విప్పెయ్యండి. ఇనప క్యారియర్, స్టాండ్, గొలుసు తాళం, బరువైన సీటు కలిపి చూస్తే కిలో దాటడం కష్టమేమీ కాదు. మడ్‌గార్డులు మాత్రం ఉంచుకోమంటాను. ఆఫీసు బట్టలతో వెళ్ళేవాళ్ళకి జూన్ నుంచి అక్టోబరు దాకా అవి లేకుండా కుదరదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటికి వద్దాం. మడతబందులు, హ్యాండిల్ కాడ, సీట్ పిల్లర్, ఫోర్కు. మామూలు సైకిల్ ఫ్రేములో రెండు గొట్టాలు పంచుకునే భారాన్ని ఇక్కడ ఒకే గొట్టం, దాని నడుమ ఉన్న ఒక బందు మోస్తాయి. బందు లీవరు ఒక్క వేలితో మూసుకుపోతుంటే అది వదులు. అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కితే మూసుకునేలా దాని నట్టు సర్దాలి. పరీక్ష ఇలా చెయ్యండి: ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతూ రెండో చెయ్యి బందు కీలు మీద పెట్టండి. కదలిక చేతికి తగిలితే సరిచేసేదాకా తొక్కకూడదు. నెలకోసారి బందు చుట్టూ గుడ్డతో తుడిచి, వెల్డింగు పక్కన రంగులో సన్నని గీత ఏదైనా ఉందేమో వెలుతురులో చూడండి. అల్యూమినియం వంగి హెచ్చరించే లోహం కాదు, పగులు పెరిగి ఒక్కసారిగా విరుగుతుంది. పగిలిన అల్యూమినియం ఫ్రేముని వీధి చివరి వెల్డింగు షాపులో అతికించుకుని తొక్కకండి. ఆ వేడికి అతుకు చుట్టూ ఉన్న లోహం బలం కోల్పోతుంది.

సీట్ పిల్లర్ మీద ఒక గీత ఉంటుంది, దానికన్నా పైకి లాగకూడదని. పొడుగువాళ్ళు ఆ గీత దాటించకుండా పొడుగు పిల్లర్ కొనుక్కోవాలి. డాహాన్ తరహా వాటిలో మామూలుగా ఉండేది 33.9 మిల్లీమీటర్ల లావు. మీదాని మీద అచ్చు వేసిన అంకె చూసి అచ్చంగా అదే కొనండి. 'కొంచెం సన్నమైనా రేకు చుట్టి బిగిద్దాం' అనే మెకానిక్‌తో వద్దని చెప్పండి. సీటు తొక్కుతుంటే కిందికి జారుతోందంటే చాలాసార్లు పిల్లర్‌కి నూనె జిడ్డు అంటుకుని ఉంటుంది. సబ్బు నీళ్ళతో తుడిచి ఆరబెట్టి, బిగింపు నట్టు సర్దితే ఆగుతుంది. పేరూ ఊరూ తెలియని కార్బన్ పిల్లర్లు, కార్బన్ హ్యాండిళ్ళు చవగ్గా దొరుకుతాయి. వాటిని సైకిల్‌కి పెట్టకండి.

మొత్తం మీద ఎంత ఖర్చు పెట్టవచ్చు? నా మాట: మార్పుల ఖర్చు సైకిల్ ధరలో సగానికి చేరిందంటే ఆగిపోవాలి. ఆ పైన పెట్టే డబ్బుని కలిపి మొదటే మంచి అల్యూమినియం ఫ్రేమున్నది కొనడం లాభం. పాతది కొనేవాళ్ళు రంగూ టైర్లూ చూసి మోసపోకండి, టైర్లు ఎప్పుడైనా మారతాయి. బందు బిగువుగా ఉందా, ఫ్రేము రెండు సగాలూ వరసగా కూర్చుంటున్నాయా అన్నది చూసి బేరమాడండి.

కొనే ముందు ఇంకొక పని ఉంది. రైల్లోకి తీసుకెళ్ళడం కోసమే ఈ సైకిల్ కొంటుంటే, మీ స్టేషన్‌లో నియమం ఏమిటో అడిగి తెలుసుకోండి. మడిచిన 20 అంగుళాల సైకిల్ సుమారు 80 సెంటీమీటర్ల పొడవు, 65 ఎత్తు, 35 మందం ఉంటుంది. మన రైల్వే ప్రయాణికుల సామాను పెట్టెలకి ఇచ్చిన కొలత 100 x 60 x 25 సెంటీమీటర్లు, ఏసీ త్రీటైర్‌లోనూ ఛైర్‌కార్‌లోనూ 55 x 45 x 22.5. అక్షరాలా చూస్తే మన సైకిల్ రెండింటిలోనూ ఇమడదు. మెట్రోల్లో కొన్ని మాత్రం దారి ఇచ్చాయి: కొచ్చి మెట్రో 2020లో సైకిళ్ళని రానిచ్చింది, బెంగళూరు మెట్రో 2022లో మడత సైకిళ్ళని ఒప్పుకుంది. మన తెలుగువాళ్ళు ఎందరో ఉండే సింగపూర్‌లో 120 x 70 x 40 సెంటీమీటర్ల లోపు మడిచిన సైకిల్‌ని రైళ్ళలో, బస్సుల్లో తీసుకెళ్ళవచ్చని స్పష్టంగా రాసి పెట్టారు. ఆ కొలతలో మనం మాట్లాడుకున్న చవక సైకిల్ హాయిగా ఇముడుతుంది. హైదరాబాద్ మెట్రో, దక్షిణ మధ్య రైల్వే అధికారులు మడత సైకిల్‌కి ప్రత్యేకంగా ఇలాంటి కొలతే ఒకటి నిర్ణయించి, ప్రతి స్టేషన్ గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి.