తీసేయడం తెలిసిన పనిముట్టు

పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చేవాడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఎన్ని గరిటెలు పంపాడో రాసుకోకపోతే మర్నాడు ఏం లెక్కపెట్టి తెచ్చుకుంటాడు? 1990ల మొదట్లో లైనక్స్ వాడినవాళ్లకు చాలాసార్లు ఆ పుస్తకమే లేదు. సోర్సు కోడు దించుకుని ‘మేక్ ఇన్‌స్టాల్’ కొడితే ఫైళ్లు నాలుగు డైరెక్టరీల్లోకి చెదిరిపోయేవి. తీసేయాలంటే ఏది ఎక్కడ పడిందో వెతుక్కోవడమే.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి డెబియన్ అనే లైనక్స్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపితే వచ్చిన పేరది. మరుసటి ఏడాదే, ఆ నోటుపుస్తకం రాసుకునే పనిముట్టు డీపీకేజీ పుట్టింది. ప్రోగ్రాములను ప్యాకేజీలుగా వేసేదీ తీసేదీ అదే. మొదట షెల్ స్క్రిప్టు, తర్వాత పెర్ల్, ఆపైన ఇయాన్ జాక్సన్ చేతిలో సీ భాష.

డీపీకేజీ వేసే ప్యాకేజీని డెబ్ ఫైలు అంటారు. దాన్ని విప్పి చూస్తే మాయలేం కనబడవు. ఫార్మాటు సంఖ్య ఉన్న చిన్న ఫైలు ఒకటి, పేరూ వివరాలూ ఉన్న మూట ఒకటి, అసలు సరుకున్న మూట ఒకటి. డీపీకేజీ గొప్పతనం సరుకు దింపడంలో లేదు, రాసుకోవడంలో ఉంది. ప్రతి ప్యాకేజీకీ ఒక జాబితా పెట్టుకుని, తాను దింపిన ప్రతి ఫైలు చిరునామా వరుసకొకటి చొప్పున అందులో ఎక్కిస్తుంది. తీసేయమన్నప్పుడు ఆ జాబితా చూసే తీస్తుంది.

అయితే దీనికి బజారుకెళ్లడం రాదు. ‘ఫలానా లైబ్రరీ లేదు’ అని ఊరుకుంటుంది. అది తెచ్చిపెడితే ఇంకొకటి అడుగుతుంది. ఈ తిప్పలు తప్పించడానికి 1998లో ఆప్ట్ వచ్చింది. 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1తో అందరి చేతికీ అందింది. వీడియో ప్లేయర్ కావాలంటే ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ’ అనండి. దానికి కావలసినవీ, వాటికి కావలసినవీ ఏరి, మొత్తం ఎన్ని ఎంబీలో చెప్పి, సరేనా అని అడుగుతుంది. (‘ఆప్ట్ మూ’ అని కొడితే తెర మీద ఒక ఆవు బొమ్మ కూడా వస్తుంది. ఎందుకని అడక్కండి.)

తీసేయడంలోనూ తరగతులున్నాయి. ‘రిమూవ్’ అంటే ప్రోగ్రాము పోతుంది, దాని సెట్టింగుల ఫైళ్లు మిగులుతాయి. మళ్లీ వేసుకుంటే పాత అమరికే దొరకాలని ఆ ఏర్పాటు. ‘పర్జ్’ అంటే ఈటీసీ డైరెక్టరీలోని ఆ ఫైళ్లూ పోతాయి. మీ హోమ్ డైరెక్టరీ జోలికి మాత్రం అదీ రాదు. తోడుగా వచ్చి, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని లైబ్రరీలను ‘ఆటోరిమూవ్’ ఊడుస్తుంది. ఏది మీరు అడిగింది, ఏది వెంట వచ్చింది అన్నది కూడా ఆప్ట్ ముందే గుర్తుపెట్టుకుంటుంది మరి.

ఇంత జాగ్రత్తగల ఆప్ట్‌తోనూ చిక్కులొస్తాయి. 2021లో ఒక పేరున్న యూట్యూబర్, ఆప్ట్ వాడే పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో, ఆటల కోసం స్టీమ్ అనే యాప్ వేసుకోబోయాడు. ప్యాకేజీల్లోని ఒక లోపం వల్ల, స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ పోవాలని ఆప్ట్ లెక్కతేల్చింది. హెచ్చరించింది. ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అన్న ఇంగ్లీషు వాక్యం మొత్తం టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ ఆ వాక్యం అడగడం మానేసింది. ఇప్పుడు అంతటి పని కావాలంటే కమాండులోనే విడిగా ఒక ఆప్షన్ రాయాలి.

అయినా ‘వై’ నొక్కే ముందు, తొలగించబోయే ప్యాకేజీల వరుస ఒక్కసారి చదవండి.