పాతబస్తీ జంబియా.. కొనేముందు పిడి చూడాలి

పాతబస్తీ: నిజాం కొలువులోని అరబ్బు సైనికుడి హోదాను చాటింది అతని తుపాకీ కాదు, నడుముకు ముందువైపున కట్టుకున్న వంకర బాకు. దాని పేరు జంబియా. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి సైన్యంలో చేరినవారు దానిని వెంట తెచ్చుకున్నారు. వారి సంతతి అయిన చావుష్‌లు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. బ్యారక్స్ అన్న ఆంగ్లపదమే జనం నోట బార్కస్ అయింది. ఐరోపా నౌకాదళ అధికారులు లాంఛన దుస్తులపై ధరించే చిన్న బాకుకు ఉన్న గౌరవమే దీనికీ దక్కింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత అరబ్బు దళాలు రద్దయ్యాయి. పెళ్లిళ్లలో మర్ఫా వాద్యాల హోరుకు జంబియా పట్టి ఆడే ఆట మాత్రం నిలిచింది.

పాత ఆయుధాల సేకరణ ఈ నగరానికి కొత్త కాదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభమైంది. 1968లో అది మూసీ ఒడ్డునున్న ప్రస్తుత భవనానికి మారింది. జహంగీరు, నూర్జహాన్‌ల బాకులు అందులో ఉన్నాయి. బాకు కొనదలచినవారు ముందుగా అక్కడ ఒక పూట గడపడం మంచిది. అసలు పనితనం ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

సేకరణదారులు సాధారణంగా అలుగునే చూస్తారు. చిక్కు పిడి దగ్గర ఉంది. మేలైన జంబియాలకు ఖడ్గమృగం కొమ్ముతో, కొన్ని బాకులకు ఏనుగు దంతంతో పిడులు చేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఖడ్గమృగం కొమ్ము వ్యాపారం నేరం. దేశీయ దంతం వ్యాపారాన్ని 1986లోనూ, దిగుమతి దంతం వ్యాపారాన్ని 1991లోనూ నిషేధించారు. వస్తువు ఎంత పాతదైనా అమ్మకానికి మినహాయింపు ఉందనుకోరాదు.

ఇక అలుగు. నీటి అలల వంటి చారలున్న ఉక్కుకు విలువ ఎక్కువ. అటువంటి ఉక్కుకు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరుగాంచింది. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కొని పోయేవారు. మామూలు ఇనుముపై ఆమ్లంతో గీతలు దించి అమ్మేవారూ ఉన్నారు. అసలుదే దొరికినా, తళతళలాడాలని గరుకు కాగితంతో రుద్దితే చారలు కనుమరుగవుతాయి, బంగారు నగిషీ లేచిపోతుంది. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కనుక అలుగును అందులో ఏళ్లతరబడి ఉంచరాదు. పలుచగా నూనె పూసి విడిగా దాచాలి.

నూరేళ్లు దాటిన కళాఖండాల వ్యాపారానికి 1972 నాటి పురావస్తు చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పున్న అలుగులు ఆయుధ చట్టం నిబంధనల పరిధిలోకి వస్తాయి. కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. బేరం కుదుర్చుకోకముందే స్థానిక ఠాణాలో విచారించుకోవాలి.