రెండు పంక్తుల బాకీ

పోయిన నెలలో ఒకనాటి మధ్యాహ్నం పోస్టుమాన్ ఒక పొట్లం తెచ్చి యిచ్చాడు. విప్పి చూస్తే పుస్తకం. మా చీరాల స్నేహితుడి కథల సంపుటి! జీవితమంతా గుంటమగ్గం మీద గడిపిన మనిషికి, డెబ్బై ఎనిమిదో యేట మొదటి పుస్తకం. లోపలి పేజీలో వణుకుతున్న అక్షరాలతో "తమ్ముడికి" అని ఒక్క మాట వ్రాశాడు.

"అభినందిస్తూ వెంటనే ఉత్తరం వ్రాయండి," అంది మా ఆవిడ.

"ఆఁ, వ్రాస్తాలే," అన్నాను. వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి.

అభినందన వ్రాయడం ఏమంత పని అంటారా? ఒకప్పుడు నిజంగానే పని కాదు. తంతి ఆఫీసులో శుభాకాంక్షల వాక్యాలకు అంకెలుండేవి. పెళ్ళికొక అంకె, పరీక్ష ప్యాసయితే ఒక అంకె. ఫారం మీద అంకె వేసి యిస్తే చాలు, అవతల ఊళ్ళో వాక్యమై చేరేది. 2013 జూలైలో ఆ తంతి కాస్తా ఆగిపోయింది. ఇప్పుడు మా మనవడు సెల్‌ఫోనులో బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి, "అయిపోయింది తాతయ్యా!" అంటాడు. నా యిబ్బందికి మాత్రం అంకే లేదు, బొమ్మా లేదు. ఎందుకంటే, ఆ స్నేహితుడికి నేను బాకీ వున్నాను. డబ్బు కాదు.

1972లో నేను బెజవాడలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్ని. పగలు పరుల కథలు కూర్చడం, రాత్రి నా కథలు వ్రాసుకోవడం. కంపోజింగంటే ఏమిటో నేటి పిల్లలకు తెలియదు. ఎదురుగా కేసు, దాని అరల్లో అక్షరాలొకచోట, గుణింతపు గుర్తులొకచోట, వత్తులొకచోట. ఎడమచేత స్టిక్కు పట్టుకుని సీసపు ముక్కలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చాలి. అలా పేర్చిన వాక్యం కంటికంటె ముందు వేళ్ళకు పట్టేస్తుంది.

ఆ ప్రెస్సులో అచ్చయ్యే పత్రికకు ఆయన మొదటి కథ వచ్చింది. 1921 నాటి సంగతి. మునిసిపాలిటీ పన్నులు భరించలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద చీరాల పేరాల జనం యిళ్ళు విడిచి, రామనగరంలో పాకలు వేసుకున్నారు కదా! వాళ్ళలో ఒక నేత కుటుంబం కథ అది. అందరూ బయలుదేరతారు, ముసలమ్మ మాత్రం కదలదు. ఆ ముసలమ్మ ఆయన సొంత నాయనమ్మే.

ఎంత బిగించినా రెండు పంక్తులు పేజీలో పట్టలేదు. రాత్రి పదయింది. ఎడిటరుగారు యింటికి వెళ్ళిపోయారు. మిషన్‌మాన్ సణుగుతున్నాడు. కథ చివరి రెండు పంక్తులు తీసేసి, టైపు తిరిగి కేసులో వేశాను.

పత్రిక చూసుకోవడానికి ఆయన రైల్లో వచ్చాడు. నిలబడే చదువుకున్నాడు. చివర్న కాసేపు ఆగాడు. తరువాత, "దీన్ని కూర్చింది నువ్వేనా తమ్ముడూ?" అని నన్ను బయటికి తీసుకెళ్ళి టీ యిప్పించాడు. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. వ్రాతప్రతి అప్పటికే చిత్తుకాగితాల్లో పోయింది. నకలు వ్రాసి పెట్టుకునే తీరిక మగ్గం ముందు కూర్చునే వాడికెక్కడిది?

అలా మొదలైన స్నేహం. కంప్యూటర్లు వచ్చి మా ప్రెస్సు మూతపడ్డాక నేనొక కొట్లో లెక్కలు వ్రాశాను; కథలు మానేశాను. ఆయన మానలేదు. పుస్తకం చేతికి రాగానే నాకు కలిగింది సంతోషమొక్కటే కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ కథ తీసి చూశాను. నేను ఆపిన చోటే ఆగి వుంది.

చివరికి ఇన్‌లాండ్ కవరు తెప్పించాను. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, జరిగినదంతా వ్రాశాను. తరువాత, నా వేళ్ళు మరిచిపోని ఆ రెండు పంక్తులూ వ్రాశాను: "మగ్గం విప్పి బండిలో వేశారు గాని, గుంటను ఎవరు మోసుకుపోగలరు? ముసలమ్మ అందులో దీపం పెట్టి, తలుపు దగ్గరగా వేసి, బండి వెనకే నడిచింది."

"అన్నా, ఇవి నీవి. ఇన్నేళ్ళూ నా దగ్గర వుండిపోయాయి. పుస్తకం వేసినందుకు అభినందనలు," అని ముగించాను.

ఎనిమిదో రోజున పోస్టుకార్డు వచ్చింది.

"తమ్ముడూ, పోయినట్టు ఆ రోజే తెలుసు. అడిగితే నువ్వు టీకి రావేమోనని అడగలేదు. తరువాత ఎంత తన్నుకున్నా ఆ మాటలు మళ్ళీ రాలేదు. చదివినవాళ్ళంతా మా నాయనమ్మ ఊళ్ళోనే వుండిపోయిందనుకున్నారు. ఆమె పదకొండు నెలలూ పాకలో వున్న మనిషి. రెండో ముద్రణ వస్తే చేరుస్తాను. రాకపోతే, నా ప్రతిలో పెన్సిలుతో వ్రాసుకున్నాను. నీ ఉత్తరం కోడలిచేత రెండుసార్లు చదివించుకున్నాను. సరే గాని, నీ కథలేవీ?"

మా ఆవిడ కార్డు చదివి ఏమీ అనలేదు. స్టూలు వేసుకుని, అటక మీద ట్రంకుపెట్టె దింపమని మనవణ్ణి పిలిచింది.