మతిమఱపునకు విద్యుచ్ఛక్తి

మన పల్నాటి యిండ్లలో పెద్దవారు మనుమల పేర్లు మఱచినను, తెలిసిన త్రోవ తప్పినను, “చాదస్తము” అను నొక్క మాటతో సరిపుచ్చుట కలదు. అది పలుమాఱులు వ్యాధి. మన దేశమున 60 ఏండ్లు పైబడినవారిలో నూటికి 7.4 వంతున, అనగా దాదాపు 88 లక్షలమంది, డిమెన్షియాకు లోనైరని 2023లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. స్త్రీలయందే యిది హెచ్చు.

కత్తి తగులకుండ, తలపైనుండియే విద్యుత్తును పంపి యీ వ్యాధిని తగ్గింపవచ్చునా యని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఈ పద్ధతికి 2000 సంవత్సరమున జర్మనీలోని గోటింగెన్ నగరమున నిచ్‌షె, పౌలస్ అను వైద్యులు నూతన మార్గము చూపిరి. ఉప్పునీట తడిపిన రెండు స్పంజి పట్టీలను తలకు కట్టి, సాధారణముగా 2 మిల్లీ ఆంపియర్లకు మించని ప్రవాహమును 20, 30 నిమిషములు పంపుదురు. ఇది మూర్ఛ కలిగించు షాకు చికిత్స కాదు. రోగి మెలకువతోనే యుండును. చర్మమున చిమచిమ మాత్రము తోచును. ఈ ప్రవాహము నాడీకణములను బలవంతముగా పనిచేయింపదు. పనికి సులభముగా సన్నద్ధము చేయును. కావుననే పలుచోట్ల జ్ఞాపకాభ్యాసములతో కలిపి యిత్తురు. బెంగుళూరు నిమ్హాన్సులో మనోవ్యాధులకై యీ పద్ధతిని పరిశీలించిరి.

ఫలమెట్లున్నది? పరీక్షలో కొందఱికి పూర్తిగా విద్యుత్తు నిత్తురు. తక్కినవారికి అరనిమిషము మాత్రమిచ్చి మెల్లగా నాపుదురు. చిమచిమ యందఱికి తోచును గనుక తనకేది దక్కెనో రోగి యెఱుఁగుట కష్టము. ఇట్టి పరీక్షలు కొన్నింట జ్ఞాపకశక్తి కొంత మెఱుగయ్యెను. కొన్నింట భేదమే కానరాలేదు. పలు పరీక్షలు చిన్నవి, పద్ధతులు వేఱు. పైగా ప్రవాహములో చాల భాగము తలచర్మముననే వ్యాపించి మెదడును చేరదు. కావున డిమెన్షియాకిది యింకను స్థిరపడిన చికిత్స కాదు.

ఇట్టి యంత్రములు అంగడి సరకులుగను అమ్ముడగుచున్నవి. ప్రకటన చూచి నగలు కుదువబెట్టుటకు ముందు నరముల వైద్యునికి చూపుడు. థైరాయిడు లోపముచేతను, బి12 విటమిను లోపముచేతను కలిగిన మఱపు మందుతో తగ్గుటయు కలదు. జ్ఞాపకమును పరీక్షించు ప్రశ్నలు తెలుగులోను కలవు. హైదరాబాదు నిమ్సు వైద్యులు వానిని వాడిరి. ఎవరేని విద్యుత్పరిశోధనలో చేరుమన్నచో, నైతికసంఘపు అనుమతి పత్రము చూపుమని యడుగుడు. పరిశోధనకై రోగినుండి సొమ్ము గైకొనరాదు. పరిశోధనను గౌరవింపవలసినదే, కాని దానిని చికిత్సయని యమ్మువారికి మన యింటి పెద్దలను అప్పగింపరాదు.