బంతికి రెక్కలిచ్చిన గోడ

ఆటను బట్టి మైదానం కట్టుకోవడం లోకరీతి. మైదానాన్ని బట్టి ఆటే మారడం మాత్రం ఎక్కడో గాని జరగదు. అమెరికాలో బోస్టను నగరంలో, చార్లెస్ నది ఒడ్డున, అలాంటి ముచ్చట ఒకటి జరిగింది. ఆ మైదానం పేరు హార్వర్డు స్టేడియం. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ కట్టడం నిలిచే ఉంది. దాని కథలో సిమెంటూ, ఇనుమూ ఉన్నాయి; వాటితోపాటు కాలేజీ కుర్రవాళ్ల ప్రాణాలూ ఉన్నాయి. అంచేతనే పాఠకులకు చెప్పాలనిపించింది.

ముందుగా ఒక మాట. మనవైపు ఫుట్‌బాల్ అంటే బంతిని కాలితో తన్నే ఆట. అమెరికా వారి ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరుగెత్తుతాడు. ఎదుటి పక్షంవారు వాణ్ణి పట్టి పడేస్తారు. మన చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పదిమందీ మీదపడి పట్టుకోవడం చూశారు గదా, అలాంటిదే అనుకోండి. కాకపోతే అక్కడ వాడి పక్షంవారు కూడా పక్కనే ఉండి తోసుకుంటూ వస్తారు. ఈ ఆటను పెంచి పెద్దచేసింది అక్కడి కాలేజీలే.

హార్వర్డు విశ్వవిద్యాలయం ప్రధాన భాగం నదికి అవతల కేంబ్రిడ్జిలో ఉంది. ఇవతలి ఒడ్డున 31 ఎకరాల నేలను 1890లో హెన్రీ లీ హిగిన్సన్ అనే ధనికుడు విద్యార్థుల ఆటలకోసం దానమిచ్చాడు. అంతర్యుద్ధంలో పోరాడి వచ్చినవాడాయన. ఆ యుద్ధంలో అసువులు బాసిన ఆరుగురు మిత్రుల జ్ఞాపకార్థం ఆ నేలకు ‘సోల్జర్స్ ఫీల్డ్’ అని పేరు పెట్టించాడు. చిన్నవయస్సులో పోయినవారి పేరుమీద వెలసిన మైదానం అన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో ఆట చూడడానికి చెక్కబల్లలు వేసేవారు. చెక్కకు నిప్పు భయం, చీకు భయం. జనం చూస్తే ఏటేటా పెరుగుతున్నారు. ఇంతలో 1879లో చదువు ముగించిన పూర్వ విద్యార్థులు తమ పాతికేళ్ల పండుగ గుర్తుగా లక్ష డాలర్లు ఇస్తామన్నారు. మిగతా సొమ్ము ఆటల రాబడిలోంచి తీశారు. మొత్తం ఖర్చు సుమారు 3 లక్షల 10 వేల డాలర్లు. ఇంజనీరింగు ఆచార్యుడు ఐరా హాలిస్ పూనిక వహించాడు. లూయీ జాన్సన్ అనే మరో ఆచార్యుడు లెక్కలు కట్టాడు. పేరుమోసిన వాస్తుశిల్పి చార్లెస్ మెక్‌కిమ్ రూపురేఖల విషయంలో సలహా చెప్పాడు. ఏథెన్సులోని పురాతన స్టేడియాన్ని తలచుకుని, గుర్రపు లాడం ఆకారంలో దీన్ని నిర్ణయించారు.

దేనితో కట్టాలి? ఇనుప కమ్మీలు పేర్చి కాంక్రీటు పోయాలన్నారు. ఇవాళ మన డాబా ఇళ్లకు స్లాబు పోసేది ఈ పద్ధతిలోనే కనక మనకిందులో వింత కనిపించదు. 1903లో మాత్రం ఇంత భారీ కట్టడాన్ని అలా కట్టడం సాహసమే. బోస్టను చలికాలంలో నీరు గడ్డకడుతుంది. పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయైనా చీలుతుంది. ఈ కాంక్రీటు ఎన్నాళ్లుంటుందని పెదవి విరిచినవాళ్లున్నారు. అయినా ఆ వేసవిలో పని మొదలుపెట్టి, నవంబరు 14 నాటికి ఆటకు సిద్ధం చేశారు. ఇల్లు కట్టి చూడమన్నారు మన పెద్దలు. వీళ్లు అయిదు నెలలు తిరక్కుండా స్టేడియమే కట్టి చూపించారు. గృహప్రవేశం మాత్రం కలిసి రాలేదు. ఆనాటి తొలి ఆటలో డార్ట్‌మత్ కాలేజీ చేతిలో హార్వర్డు 11–0 తేడాతో ఓడిపోయింది.

నేను ఆ మెట్ల మీద కూర్చుని చూశాను. పైవరుసనుంచి కిందికి చూస్తే గుండె ఝల్లుమంటుంది. అంత నిటారుగా ఉంటాయి. 37 భాగాలుగా ఉన్న ఆ మెట్లన్నీ ఎక్కుతూ దిగుతూ పరుగెత్తడం అక్కడివారికి ఒక వ్యాయామం. పైన చుట్టూ స్తంభాల వరుస. దాన్ని 1910లో చేర్చారు. నాకన్నిటికన్నా వింతగా తోచింది మైదానానికీ మెట్లకూ మధ్య ఉన్న ఎడం. పెద్ద ఎడమేమీ కాదు. రెండు పక్కలా గోడలు ఆటను దగ్గరగా పట్టుకుని కూర్చున్నట్లుంటాయి. కథ మలుపు తిరిగింది ఆ ఇరుకులోనే.

కట్టడం లేచిన రెండేళ్లకు, 1905లో, ఆట మీద దేశమంతా మండిపడింది. అప్పటి నిబంధనల ప్రకారం బంతిని ముందుకు విసరకూడదు. వెనక్కి అందించవచ్చు, లేదా పట్టుకుని పరుగెత్తవచ్చు. మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు ముందుకు పోతే చాలు. అయిదు గజాలకోసం తెలివి ఎందుకు, బలం చాలు గదా! ఒకరినొకరు పట్టుకుని, గుంపుగా ఒకేచోట పొడిచేవారు. బంతి ఉన్నవాణ్ణి స్వపక్షంవారే వెనకనుంచి తోసి, ముందునుంచి లాగేవారు. తలకు తొడుగు లేకుండానే చాలామంది దిగేవారు. కుప్పగా పడినవారిని ఒక్కొక్కరినే లేపుతూ పోతే, అడుగున ఉన్నవాడు లేచేవాడు కాదు. ఆ ఒక్క ఏడాదిలో 18 మంది చనిపోయారని పత్రికలు లెక్కవేశాయి. వారిలో ఎక్కువమంది హైస్కూలు పిల్లలు. చదువుకని పంపిన కొడుకు ఆట మైదానంలోంచి శవమై ఇంటికి వస్తే ఆ తల్లిదండ్రులకు ఏం చెప్పి ఓదార్చగలరు?

అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు హార్వర్డులో చదివినవాడే. ఆట అంటే ఆయనకు ఇష్టం. ఆ అక్టోబరు 9న హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ కాలేజీల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి, ఆటను బాగుచేయమన్నాడు. ఆ ఏడాదే ఆయన పెద్దకొడుకు హార్వర్డులో చేరి, తొలి ఏటివారి జట్టులో ఆడుతూ యేల్‌తో జరిగిన ఆటలో ముక్కు విరగ్గొట్టుకున్నాడు. హార్వర్డు అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ మాత్రం ఈ ఆటే వద్దన్న పక్షం. కొలంబియా కాలేజీ ఆటను ఎత్తివేసింది. మార్పులు జరగకపోతే తామూ మానేస్తామని హార్వర్డు వారు తెగేసి చెప్పారు. మూడు లక్షల డాలర్లు పోసి కట్టిన స్టేడియం మూడో ఏటికే పాడుపడేలా ఉంది!

ఆటగాళ్లను ఒకేచోట గుంపుకాకుండా చెదరగొట్టడం ఎలా అన్నదే ప్రశ్న. యేల్ కాలేజీకి చెందిన వాల్టర్ కాంప్ ఆ రోజుల్లో నిబంధనలకు పెద్దదిక్కు. మైదానాన్ని దాదాపు 40 అడుగులు వెడల్పు చేద్దామని ఆయన వైపు నుంచి సూచన. చోటు పెరిగితే గుంపు చెదురుతుంది, సబబైన మాటే. చెక్కబల్లల కాలమైతే వాటిని వెనక్కి జరిపి ఉందురు. కాని హార్వర్డులో ఉన్నది కాంక్రీటు. జరగదు, వంగదు. దేశానికంతకూ తలమానికమైన కొత్త స్టేడియంలో పట్టని మైదానాన్ని నిబంధనగా రాయడం ఎలా?

కనక రెండో దారి మిగిలింది. బంతిని ముందుకు విసరనివ్వండి! గాలిలో బంతి ఎటు పోతుందో తెలియనప్పుడు ఎదుటివారు ఒకేచోట గుమిగూడి ఉండలేరు. ఈ మాట అంతకుముందునుంచీ అడుగుతున్నవాళ్లు లేకపోలేదు. జాన్ హైస్మన్ అనే శిక్షకుడు వారిలో ఒకడు. ఘనత అంతా గోడకే కట్టబెడితే వారికి అన్యాయం చేసినట్లవుతుంది. అయితే పెద్దలు ఇష్టపడిన దారిని మూసి, ఈ దారివైపు నెట్టినవాటిలో ఆ గోడ ఒకటి. 1906లో ముందుకు విసరడాన్ని అనుమతించారు. అయిదు గజాలను పది గజాలు చేశారు. ఆటను అదుపులో ఉంచడానికి కాలేజీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. అదే 1910నుంచి ఎన్‌.సి.ఎ.ఎ. అన్న పేరుతో నడుస్తోంది.

దీనితో చావులు ఆగిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. బంతి విసరడానికి మొదట ఎన్నో ఆంక్షలు పెట్టారు. చాలా జట్లు పాత మోటు పద్ధతినే పట్టుకు వేలాడాయి. 1909లో హార్వర్డుతో ఆడుతూ గాయపడిన సైనిక కళాశాల విద్యార్థి ఒకడు మరణించాడు. మళ్లీ ఆందోళన. 1910లో స్వపక్షంవాణ్ణి తోయడం, లాగడం నిషేధించారు. 1912లో మూడు ప్రయత్నాలను నాలుగు చేశారు. 1913లో నోటర్ డేమ్ కాలేజీ జట్టు బంతిని పైనుంచి విసిరి విసిరి సైనిక కళాశాలను 35–13 తేడాతో ఓడించాక గాని, గాలిలో ఎగిరే బంతి విలువ అందరికీ తెలిసిరాలేదు.

ఇక గోడ మాటకొస్తే, అది చలికాలాలన్నిటినీ కాచుకుంది. బంతికి స్వేచ్ఛ వచ్చిన 1906లోనే ఆ మెట్ల నడుమ ఈస్కిలస్ నాటకం ‘అగమెమ్నాన్’ను గ్రీకు భాషలో ఆడారు. 1929లో లాడం తెరిచి ఉన్న వైపున ఇనుప మెట్లు వేసి 57 వేలమందికి పైగా చోటు చేశారు. 1951లో వాటిని తీసేశారు. యేల్ (1914), మిషిగన్ (1927) వంటి కాలేజీలు అంతకన్న పెద్దవి కట్టుకున్నాయి. మిషిగన్ స్టేడియంలో ఇవాళ లక్షకు పైగా కూర్చుంటారు. హార్వర్డు పరిమాణంలో వెనకబడింది గాని, గౌరవంలో కాదు. 1984 ఒలింపిక్సులో కాలితో ఆడే ఫుట్‌బాల్ పోటీలు కొన్ని ఇక్కడ జరిగాయి. 1987లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. 2006లో కృత్రిమమైన పచ్చికా, దీపాలూ అమర్చగా, మరుసటి ఏడు తొలి రాత్రి ఆట జరిగింది.

ఇక్కడ జరిగిన ఆటలన్నిటిలో ఇప్పటికీ చెప్పుకునేది 1968 నవంబరు 23 నాటిది. హార్వర్డు, యేల్ రెండూ ఆ ఏడు ఓటమి ఎరుగని జట్లు. ఇంకా 42 సెకన్లు ఉన్నాయనగా యేల్‌కు 29, హార్వర్డుకు 13. జనం లేచి ఇళ్ల దారి పడుతున్నారు. ఆ 42 సెకన్లలో హార్వర్డు 16 పాయింట్లు చేసి సమం చేసింది. గడియారం ఆగేసరికి చివరి గీత దాటించిన బంతీ, ఆ మీదట సమానం చేసిన బంతీ, రెండూ గాలిలోంచి వచ్చి చేతుల్లో పడ్డవే. సమానమైన ఆటనే తమ గెలుపుగా చాటింది విద్యార్థుల పత్రిక.

అప్పుడూ ఇప్పుడూ ఆ మైదానం వెడల్పు 160 అడుగులే. అక్కడే కాదు, అమెరికాలో కాలేజీ జట్లూ, డబ్బుకు ఆడే జట్లూ ఆడే ప్రతి మైదానం వెడల్పూ అంతే. రెట్టింపు చోటున్న ఊళ్లలో సైతం ఇంతకన్న ఒక్క అడుగు వెడల్పు చేయరు.