దూరాన నిలిచి చూసే కన్ను

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రహదారి పులికాట్ సరస్సును చీల్చుకొంటూ సాగుతుంది. చలికాలపు ఉదయం ఆ దారి పక్కన నిలిచి ఉత్తర దిశగా చూస్తే, కిలోమీటరు దూరంలో, నీటి మీద ఎవరో గులాబి రంగు సుద్దతో గీసినట్లు ఒక గీత కన్పిస్తుంది. అవి ఫ్లెమింగోలు. మెడలో వేలాడే ఎనిమిది రెట్ల దుర్భిణి ఎత్తి చూస్తే ఆ గీత పక్షుల బారుగా మారుతుంది; అంతకు మించి మారదు. ముక్కు కొన మాత్రమే నల్లగా ఉండే పెద్ద జాతి నడుమ, ముక్కంతా ముదురు రంగులో ఉండే చిన్న జాతి పక్షి ఒక్కటైనా ఉన్నదా అన్న ప్రశ్నకు ఆ అద్దాలు బదులు చెప్పలేవు.

అప్పుడు కొత్తవారికి తోచే ఉపాయం, చెప్పులు విడిచి బురదలోకి దిగడం. కొంత దూరం నడిచేసరికి బారంతా తలలెత్తుతుంది. మరికొంత నడిస్తే లేచిపోతుంది. చూసేవారికి అది కన్నుల పండువే. కాని ఒడ్డున బురదలో మేసే చిన్న ఉల్లంకి పిట్టలలో కొన్ని సైబీరియా వంటి దూరదేశాల నుంచి వచ్చినవి. వేసవి రాకముందే తిరుగు ప్రయాణానికి చాలినంత కొవ్వును అవి ఇక్కడే కూడబెట్టుకోవాలి. అనవసరంగా లేచిన ప్రతిసారీ ఆ నిల్వలోంచి కొంత ఖర్చవుతుంది. పెద్ద దుర్భిణి అవసరం ఇక్కడే మొదలవుతుంది: పక్షిని దగ్గరకు తేవడం ఎంత ముఖ్యమో, మనిషిని దూరంగా ఉంచడం అంతకన్న ముఖ్యం.

ఏది కొనాలి? దుకాణంలో ఎక్కువమంది పెద్ద అంకెకు లోబడతారు. దుర్భిణిపై 20×80 అని ఉంటే, మొదటి అంక్ పెంపును, రెండవది ముందు కటకం వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపుతుంది. రెండవదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే కాంతి వర్తులం వెడల్పు వస్తుంది. ఇక్కడ నాలుగు మిల్లీమీటర్లు. పట్టపగలు మనిషి కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు గనుక అది చాలు. తెల్లవారుజామున, సందెచీకటిలో మాత్రం ఈ వర్తులం పెద్దదైతేనే మేలు.

అయితే పెంపుతోపాటు చేతి వణుకు కూడా పెరుగుతుంది. పది రెట్లు దాటితే సామాన్యుల చేతిలో దృశ్యం నిలవదు. రెండు కిలోలకు పైగా తూగే 20×80ని మెడలో వేసుకొని తిరగడం పక్షి పరిశీలన కాదు, శిక్ష. దాన్ని ముక్కాలి స్టాండు మీద బిగించి, కుర్చీ వేసుకొని కూర్చోగలవారికి అది చక్కని సాధనం. రెండు కళ్లతో చూడడం వలన గంటల తరబడి లెక్కపెట్టినా కన్ను అలసిపోదు.

నడుస్తూ, చోటు మారుస్తూ చూసేవారికి ఒంటికంటి స్పాటింగ్ స్కోపు నయం. సాధారణంగా పెంపు ఇరవై నుంచి అరవై రెట్ల దాకా మారుతుంది. ముప్ఫై రెట్ల వద్ద కిలోమీటరు దూరపు పక్షి ముప్ఫై మూడు మీటర్ల దూరంలో ఉన్నట్లు కన్పిస్తుంది. పరిశోధకులు పక్షి కాలికి తొడిగిన రంగు పట్టీ మీది అక్షరాలను, దాన్ని తిరిగి పట్టుకోకుండానే చదవగలిగేది ఈ సాధనంతోనే. ఇక అరవై రెట్లంటారా, అది ఎక్కువగా ప్రకటనలకే పనికివస్తుంది. 65 మిల్లీమీటర్ల కటకంతో అక్కడ కాంతి వర్తులం ఒక మిల్లీమీటరుకు కొంచెమే ఎక్కువ; దృశ్యం మసకబారుతుంది. పైగా ఎండ ముదిరాక తంపర నేల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన అద్దమూ ఆ ఆవిరిని దాటలేదు, పెంపు హెచ్చిన కొద్దీ వణికే పక్షే పెద్దదవుతుంది. పొద్దున్నే వెళ్లడమే దానికి మందు.

స్టాండు దగ్గర పొదుపు పనికిరాదు. తేలికపాటి స్టాండు సరస్సు గాలికి ఊగితే స్కోపుకు పెట్టిన డబ్బంతా వృథా. కంటి గొట్టం ఏటవాలుగా ఉన్న స్కోపును పొట్టివారూ పొడుగువారూ ఒకే ఎత్తులో వాడుకోవచ్చు. కారు కిటికీలోంచి చూసేవారికి తిన్ననిదే అనువు.

ఒడిశాలో చిల్కా సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న మంగళజోడికి వెళ్లేవారు ఈ బరువంతా ఇంట్లో వదిలి వెళ్లవచ్చు. అక్కడ రెల్లు మధ్యగా నాటు పడవను గడకర్రతో నెడతారు. నెట్టేవారిలో కొందరు ఒకనాటి వేటగాళ్లే. ఊగే పడవలో స్కోపు నిరుపయోగం. పక్షులు దగ్గరగానే మేస్తుంటాయి గనుక 8×42 దుర్భిణి చాలు.

కొనేముందు సాధనాన్ని దుకాణం బయటికి తెచ్చి, ఆకాశం వెనుకగా ఉన్న కాకినో కరెంటు స్తంభాన్నో చూడాలి. అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ చారలు బాగా కన్పిస్తే కటకం నాణ్యత తక్కువన్నమాట. కళ్లద్దాలవారు వాటిని తీయకుండానే చూడాలి. దృశ్యం అంచులు తెగిపోతే ఆ సాధనం వారికి కాదు. వంద రెట్ల పెంపు అని పెట్టె మీద అచ్చువేసి జాతరలో అమ్మేవి పిల్లల ఆటకు సరిపోతాయి.

తీరప్రాంతపు తేమలో అద్దాలకు బూజు పడుతుంది. తోలు సంచి దానికి పుట్టిల్లు వంటిది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి భద్రపరచి, వానాకాలంలో నెలకొకసారైనా తీసి చూస్తూ, పొట్లాలను మారుస్తూ ఉంటే, నవంబరులో పక్షులు మళ్లీ దిగేనాటికి అద్దం తేటగానే ఉంటుంది.